గిన్నెలు తోమే స్పాంజిలో అరవైల బేస్

మా బ్యాండులో ఆరుగురం. అందరికీ ఉద్యోగాలున్నాయి, కాబట్టి సంగీతమంతా శనివారం సాయంత్రాలే. కిందటేడు ఒక కార్యక్రమానికి మొత్తం 1960ల నాటి ఇంగ్లీషు పాప్ పాటలే వాయిస్తామని ఒప్పుకున్నాం. తేలికే అనుకున్నాం. పాటకి మూడు నాలుగు కార్డ్‌లు, రెండున్నర నిమిషాలు, అయిపోతుంది. రెండు రిహార్సల్స్ అయ్యాక ఫోన్లో రికార్డు చేసుకుని విన్నాం. గిటార్లు బాగున్నాయి, పాడేవాళ్లు బాగున్నారు, బేస్, అంటే కింది స్వరాలు పలికే లావు తీగల గిటార్, ఒక్కటే పొరపాటున వేరే పెళ్లికి వచ్చేసిన చుట్టంలా ఉంది. ఆ బేస్ వాయించింది నేనే.

స్వరం తప్పలేదు, తాళమూ తప్పలేదు. కానీ ఆ పాత రికార్డుల్లో బేస్, బియ్యం బస్తాని అరచేత్తో చరిచినట్టు ‘దుమ్’ అని పలికి అక్కడితో ఆగిపోతుంది. నాదేమో ‘డూంంగ్’ అంటూ సాగి, తర్వాతి స్వరం వచ్చేదాకా గదిలోనే తచ్చాడుతోంది. ‘వింటేజ్’ అని పైన రాసున్న పెడల్, అంటే కాలితో నొక్కి నాదం మార్చే డబ్బా, ఒకటి కొన్నాను. స్వరం మసకబారింది తప్ప పొట్టిదవలేదు. చివరికి పని చేసింది వంటింటి సింకు పక్కనుండే పసుపురంగు స్పాంజి. గరుకు పొర ఒలిచేసి, మెత్తటి భాగాన్ని వేలెడు వెడల్పున కత్తిరించి, బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే దిమ్మ) పక్కన తీగల కింద దూర్చాను. ఒక్క స్వరం మీటానో లేదో మా డ్రమ్మర్ తలెత్తి చూశాడు.

వేలల్లో పోసి కొన్న పెడల్ చేయలేనిది ఆ ముక్క ఎలా చేసిందని వెతుక్కుంటూ పోతే, దారి డెట్రాయిట్, లాస్ ఏంజెలెస్, హాంబర్గ్, లండన్ అన్నీ తిప్పింది.

బేస్ వాయించేవాళ్లలో ఈ విషయం మీద రెండు వర్గాలున్నాయి. ఆ గిటారే కావాలి, ఆ ఏడు తయారైందే కావాలి అనేది ఒక వర్గం. అంతా వేళ్లలోనే ఉంది గురూ అని తేల్చేసేది ఇంకొకటి. మొదటిది ఖరీదైన మాట, రెండోది సోమరి మాట. నా లెక్కలో అరవైల బేస్‌ని గుర్తుపట్టించేది స్వరం చచ్చిపోయే తీరు. తీగ దగ్గర బయల్దేరి రేడియో స్పీకర్ చేరేదాకా ప్రతి మజిలీలోనూ ఎవరో ఒకరు దాంట్లోంచి ఏదో ఒకటి తీసేశారు. కొందరు కావాలని, కొందరు గత్యంతరం లేక. మనం మాత్రం దుకాణానికెళ్లి ఏదో ఒకటి కలపాలని చూస్తాం.

డెట్రాయిట్‌లో ఒక్క వేలు

డెట్రాయిట్‌లో 2648 వెస్ట్ గ్రాండ్ బూలవార్డ్ చూడ్డానికి మామూలు ఇల్లు. మోటౌన్ రికార్డుల కంపెనీ ఆ ఇంట్లోనే స్టూడియో పెట్టింది. అక్కడి వాద్యకారులు దానికి పెట్టుకున్న పేరు ‘స్నేక్‌పిట్’, అంటే పాముల గుంట. అరవైల్లో అక్కడ తయారైన పాటల్లో చాలావాటికి బేస్ వాయించింది జేమ్స్ జేమర్సన్. ఆయన పేరు అప్పట్లో శ్రోతలకి తెలీదు. 1971 దాకా మోటౌన్ తన రికార్డుల అట్టల మీద వాద్యకారుల పేర్లు వేయలేదు.

జేమర్సన్ వాద్యం 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్. తీగలు లా బెల్లా కంపెనీవి, లావువి. అన్నిటికన్నా లావు తీగ మందం 0.110 అంగుళం, అంటే దాదాపు 2.8 మిల్లీమీటర్లు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. తీగలు ఫ్రెట్‌ల (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) నుంచి బాగా ఎత్తులో ఉండేవి. మామూలు మనిషి వేలికి అవి లొంగవు. ఆయన మొదట నేర్చుకున్నది నిలబెట్టి వాయించే డబుల్ బేస్, కాబట్టి ఆ బలం చేతుల్లో ఉంది. కుడిచేతి చూపుడువేలు ఒక్కదాంతోనే మీటేవాడు. ఆ వేలికి ‘ద హుక్’ అని ముద్దుపేరు కూడా ఉంది.

వీటికి తోడు, ఎవరూ పెద్దగా పట్టించుకోని వస్తువు ఇంకొకటుంది. ఆ రోజుల్లో ఫెండర్ బేస్‌లు బ్రిడ్జి మీద మెరిసే ఇనప మూతతో వచ్చేవి. ఆ మూత లోపలివైపు తీగలకి ఆనేలా ఒక మెత్తటి పట్టీ ఉండేది. అంటే స్వరాన్ని పొట్టిగా కత్తిరించే సరంజామా కంపెనీయే అమర్చి పంపేది. చేతికి అడ్డమొస్తోందని చాలామంది ఆ మూత ఊడదీసి పెట్టెలో పడేశారు. దాంతో పాటు పట్టీ పోయింది, పట్టీతో పాటు ఆ నాదం పోయింది. జేమర్సన్ మూత తీయలేదు. ఇవాళ పాత నమూనాలో కొత్తగా చేసి అమ్మే బేస్‌లు కొనేవాళ్లు రంగు, చెక్క, పికప్ చుట్లు అన్నీ ఆరా తీస్తారు, ఆ మూతనేమో మొదటి రోజే విప్పేస్తారు. నేనూ విప్పినవాణ్ణే.

మోటౌన్ స్టూడియోలో బేస్ ముందు ఆంప్లిఫయర్, దాని ముందు మైకు అన్న ఏర్పాటు లేదు. వైరు నేరుగా కన్సోల్‌కి, అంటే ఇంజినీరు ముందుండే శబ్దాలు కలిపే బల్లకి, పోయేది. దీన్నే ఇప్పుడు డీఐ, డైరెక్ట్ ఇంజెక్షన్ అంటున్నాం. గది మోత లేదు, స్పీకర్ రంగు లేదు. తీగ, వేలు, పట్టీ, ఆ తర్వాత వాల్వులతో (ట్రాన్సిస్టర్లకి ముందు వాడిన గాజు గొట్టాలతో) నడిచే కన్సోలూ టేపూ. జేమర్సన్ గట్టిగా మీటినప్పుడు వినిపించే ఆ చిన్న గరుకు, ఈ చివరి మజిలీలో పుట్టిందే.

పిక్ పట్టుకున్న చేతులు

లాస్ ఏంజెలెస్‌లో కథ వేరు. కేరల్ కే జాజ్ గిటార్ వాయించేది. 1963లో ఒక రికార్డింగ్‌కి బేస్ వాయించే మనిషి రాకపోతే ఆమె చేతికి బేస్ ఇచ్చారు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఆమె లేని స్టూడియో లేదన్నంతగా వాయించింది. వాద్యం అదే ఫెండర్ ప్రెసిషన్, తీగలూ జేమర్సన్‌వి లాగే పైన నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్‌లే. కానీ మీటేది వేలితో కాదు, గట్టి పిక్‌తో, అంటే వేళ్ల మధ్య పట్టుకునే చిన్న బిళ్లతో. పిక్ తగిలితే ‘టక్’ అనే మొన వస్తుంది. ఆ మొన తర్వాత స్వరం సాగితే చెవికి చిరాకు. అందుకని బ్రిడ్జి దగ్గర తీగల పైనే ఫెల్ట్ గుడ్డ మడిచి అతికించేది. ‘టక్’ మిగిలింది, తోక పోయింది. చిన్న రేడియోలో కూడా ఆ లైను విడిగా వినిపించేది.

ఇక్కడే అందరం పప్పులో కాలేస్తాం. బీచ్ బాయ్స్ 1966 ఆల్బం ‘పెట్ సౌండ్స్’లో బేస్ విని, అది ఏ గిటార్, ఏ పిక్ అని జుట్టు పీక్కుంటాం. ఆ బ్యాండుకి పాటలు కట్టిన బ్రయన్ విల్సన్ చాలా పాటలకి బేస్‌ని ఒక్కరితో వాయించలేదు. లైల్ రిట్జ్ లాంటివాళ్లు డబుల్ బేస్ మీద, కేరల్ కే లేదా ఇంకొకరు ఎలక్ట్రిక్ బేస్ మీద, ఇద్దరూ ఒకే గదిలో ఒకేసారి. కడుపు డబుల్ బేస్ ఇచ్చింది, మొన పిక్ ఇచ్చింది. రెండు వాద్యాల నాదాన్ని ఒక గిటార్లో వెతికితే ఎక్కడ దొరుకుతుంది?

ఈ జోడింపు అమెరికాది మాత్రమే కాదు. హాంబర్గ్‌లో బెర్ట్ కాంప్‌ఫెర్ట్ ఆర్కెస్ట్రాలో లాడి గైస్లర్ ఎలక్ట్రిక్ బేస్‌ని పిక్‌తో, తీగలు అదిమి ‘టక టక’మని వాయించేవాడు, దాని కింద డబుల్ బేస్ నడిచేది. జర్మన్లు దానికి ‘క్నాక్‌బాస్’ అని పేరు పెట్టారు. విరిగినట్టు టక్కుమనే బేస్ అని అర్థం. అమెరికాలోనే నాష్‌విల్ వాళ్లు డాన్ఎలెక్ట్రో కంపెనీ ఆరు తీగల బేస్‌ని డబుల్ బేస్ మీద అంటించి వాయించి ‘టిక్ టాక్’ అన్నారు. మూడు ఊళ్లవాళ్లకీ వినిపించిన లోటు ఒకటే: డబుల్ బేస్ ఒక్కటే ఉంటే రికార్డు మీద స్వరం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

అదే హాంబర్గ్‌లో 1961లో బీటిల్స్ బ్యాండులోని పాల్ మెకార్ట్నీ వయొలిన్ ఆకారంలో ఉన్న హాఫ్నర్ 500/1 బేస్ కొన్నాడు. సుమారు 30 పౌండ్లు. ఫెండర్ కొనే స్తోమత లేదు. పైగా ఆయనది ఎడమచేతి వాటం. రెండు వైపులా ఒకేలా ఉన్న ఆ ఆకారాన్ని తిరగేసి పట్టుకున్నా ఎబ్బెట్టుగా ఉండదని చూశాడు. ఆ మొదటి బేస్ 1972లో దొంగలపాలై 2024లో ఆయన చేతికి తిరిగొచ్చినట్టు ప్రకటన వచ్చింది. సినిమా కథలా ఉన్నా, నాదం విషయంలో మనకి కావలసింది ఆ వాద్యం కట్టుబడి.

హాఫ్నర్ లోపల బోలు. బ్రిడ్జి చెక్కది, పొట్ట మీద తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. తీగ శక్తి త్వరగా చెక్కలోకి పోతుంది, స్వరం త్వరగా చస్తుంది. స్పాంజి లేకుండానే సగం పని అయిపోయింది. తీగ పొడవు 30 అంగుళాలు, ఫెండర్‌కి 34. ఒకే తీగని ఒకే శ్రుతిలో పెడితే పొట్టి వాద్యం మీద బిగువు దాదాపు 22 శాతం తక్కువ. పొడవుల నిష్పత్తిని వర్గం చేస్తే వచ్చే లెక్క ఇది. బిగువు తగ్గిన తీగ మెత్తగా, గుండ్రంగా, కాస్త బద్ధకంగా పలుకుతుంది. తొలి బీటిల్స్ రికార్డుల్లో బేస్ గుప్పెట్లో పట్టుకున్నట్టు ఉండడానికి కారణం చాలావరకు ఇదే. 1965 నుంచి ఆయన స్టూడియోలో రికెన్‌బ్యాకర్ 4001ఎస్ కూడా వాడడం మొదలుపెట్టాడు. అది బోలు కాదు, తీగ పొడవూ ఎక్కువ. ఆ తర్వాతి పాటల్లో బేస్ గొంతు విప్పుకున్నట్టు ఉంటుంది.

తంబురాకి నూలుపోగు, బేస్‌కి స్పాంజి

తంబురా శ్రుతి చేసేవాళ్లని చూసే ఉంటారు. బ్రిడ్జి మీద తీగ కింద చిన్న నూలుపోగు పెట్టి, వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతారు. పోగు సరైన చోట కూర్చోగానే తీగ ఒక్కసారి విచ్చుకుని ‘జుమ్మ్’మంటుంది. పై స్వరాలన్నీ లేచి చాలాసేపు నిలబడతాయి. స్పాంజి చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. రెండుచోట్లా తీగ కింద పెట్టేది మెత్తటి వస్తువే, జాగా కూడా దాదాపు ఒకటే. ఒకటి పై స్వరాలకి ప్రాణం పోస్తుంది, ఇంకొకటి తీస్తుంది.

తీగని మీటితే ఒక్క స్వరం రాదు. అన్నిటికన్నా లావు తీగని ఎక్కడా నొక్కకుండా మీటితే మూల స్వరం 41 హెర్ట్జ్. దాంతో పాటే 82, 124, 165 ఇలా పైకి హార్మోనిక్‌లు. బ్రిడ్జి పక్కన తీగకి స్పాంజి ఆనిస్తే పై హార్మోనిక్‌లు ముందు చస్తాయి, మూల స్వరం కొంచెం ఆలస్యంగా. మొదట్లో ఒక తట్టు, వెంటనే మెత్తటి పొట్ట, తర్వాత నిశ్శబ్దం. నా పెడల్ ఎందుకు ఓడిపోయిందో ఇప్పుడు తెలుస్తుంది. అది పై స్వరాలని మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా ఒకేలా కోసేస్తుంది. తట్టూ పోయింది, తోకేమో అలాగే ఉంది. మనకి కావలసింది తట్టు ఉండి తోక పోవడం.

ఫ్లాట్‌వౌండ్ తీగలదీ ఇదే దారి. మామూలుగా ఇవాళ దొరికే రౌండ్‌వౌండ్ తీగకి పైన గుండ్రటి వైరు చుడతారు. గోరుతో గీకితే గరగరమంటుంది. ఫ్లాట్‌వౌండ్‌కి చదును రేకు రిబ్బనులా చుడతారు. వేలు జారిపోతుంది, కీచుమనదు, మెరుపు తక్కువ. తీగ పాతబడేకొద్దీ చెమట, జిడ్డు చుట్ల మధ్య చేరి ఇంకాస్త అదుముతాయి. జేమర్సన్ తీగలు మార్చకపోవడం పిసినారితనం కాదు. లాస్ ఏంజెలెస్‌లో జో ఆస్బోర్న్ కూడా ఫెండర్ జాజ్ బేస్ మీద ఒకే సెట్టుతో ఏళ్ల తరబడి లాక్కొచ్చాడు.

ఇక అసలు చిక్కు. 41 హెర్ట్జ్ మూల స్వరం అప్పటి ట్రాన్సిస్టర్ రేడియోలో వినిపించనే వినిపించదు. అరచేతిలో పట్టే స్పీకర్‌కి అంత కింది స్వరం కదిలించే సత్తా లేదు. మరి జనం బేస్ ఎలా విన్నారు? మన చెవి ఇక్కడ ఒక ఉపకారం చేస్తుంది. 82, 124, 165 వినిపిస్తే చాలు, వాటి మధ్య దూరం 41 అని మెదడు కనిపెట్టి, లేని మూల స్వరాన్ని తానే పూరించుకుంటుంది. ఇళయరాజా పాటల్లో బేస్ పల్లవి పక్కనే ఇంకో పాటలా నడవడం మనం చిన్న రేడియోల్లోనే విని గుర్తుపెట్టుకున్నాం. ఆ స్పీకర్లో నిజానికి బేస్ అడుగు ఉండేది కాదు.

మోటౌన్ ఇంజినీర్లకి శ్రోత ఎక్కడున్నాడో తెలుసు: కారులో. అందుకే మిక్స్‌ని చిన్న స్పీకర్లో కూడా విని చూసుకునేవాళ్లు. చిన్న స్పీకర్లో బేస్ నిలబడాలంటే 100 నుంచి 250 హెర్ట్జ్ ప్రాంతంలో దమ్ముండాలి, దానిపైన కొంచెం గరుకుండాలి. ‘పాత టోన్’ అనగానే ట్రెబుల్ మొత్తం తిప్పేసి, 40 హెర్ట్జ్ పెంచేవాళ్లు ఆ రికార్డులకి సరిగ్గా ఎదురు దిక్కున నడుస్తున్నట్టు. ఫోన్లో వింటే ఆ బేస్ మాయమైపోతుంది.

లౌడ్‌స్పీకర్‌ని మైకు చేసిన రోజు

లండన్‌లో ఈఎంఐ స్టూడియోస్, తర్వాత అబ్బే రోడ్ అని పేరు మార్చుకున్నది, ఆఫీసులాంటి చోటు. రికార్డు మీద బేస్ ఎక్కువైతే గాడి మరీ వెడల్పుగా ఊగి, జనం ఇళ్లలో సూది ఎగిరిపోతుందని అక్కడివాళ్ల భయం. ఆ భయం ఉత్తదేం కాదు. గాడి ఎంత వెడల్పుగా ఊగితే అంత చోటు తింటుంది, పాట నిడివి తగ్గుతుంది. అందుకే రికార్డు కోసేటప్పుడు బేస్‌ని తగ్గించి కోసి, వినేటప్పుడు ఆంప్లిఫయర్లో తిరిగి పెంచడం 1954 నుంచి ప్రమాణంగా ఉంది. 50 హెర్ట్జ్ దగ్గర ఆ తేడా సుమారు 17 డెసిబెల్స్. అయినా అమెరికన్ రికార్డుల్లో ఉన్నంత బేస్ మనకెందుకు రాదని మెకార్ట్నీ, లెనన్ సతాయిస్తూనే ఉండేవాళ్లు.

1966 ఏప్రిల్‌లో ‘పేపర్‌బ్యాక్ రైటర్’ పాట రికార్డింగ్‌లో ఇంజినీర్ జెఫ్ ఎమెరిక్‌కి కొత్త ఆలోచన వచ్చింది. మైకుల్లో ఒక రకానికీ లౌడ్‌స్పీకర్‌కీ లోపల ఒకే సరంజామా: పొర, దానికి చుట్ట, చుట్ట చుట్టూ అయస్కాంతం. కరెంటు పంపితే పొర ఊగి శబ్దమవుతుంది. శబ్దం తగిలి పొర ఊగితే కరెంటు పుడుతుంది. అలాంటప్పుడు పెద్ద పొరే మైకు అయితే పెద్ద బేస్ పట్టదా? సాంకేతిక సహచరుడు కెన్ టౌన్సెండ్ ఒక పెద్ద లౌడ్‌స్పీకర్‌కి తిరగేసి వైరింగ్ చేశాడు. దాన్ని మెకార్ట్నీ ఆంప్ స్పీకర్‌కి ఎదురుగా నిలబెట్టారు. బీటిల్స్ రికార్డు మీద బేస్ అంత ఉత్సాహంగా వినబడడం అదే మొదటిసారి అని ఎమెరిక్ తర్వాత చెప్పాడు. వాద్యం కూడా హాఫ్నర్ కాదు, రికెన్‌బ్యాకర్. ఇక్కడా ఒక దెబ్బకి రెండు మార్పులు, శ్రోతకి విడదీయడం కష్టం.

నేనూ ఈ ప్రయోగం చేశాను. పాత హోమ్ థియేటర్లోంచి ఊడదీసిన వూఫర్, ఒక కేబుల్, గంట టంకం పని. పట్టింది నిజమే. పొర బరువైంది కాబట్టి పై స్వరాలు పట్టలేక వదిలేసింది, కింద మాత్రం కొండలా పట్టింది. ఒంటరిగా వింటే బురద. మామూలు మైకుతో కలిపి వింటే అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత కంప్రెసర్. గట్టి స్వరాన్ని నొక్కి, నీరసంగా ఉన్నదాన్ని పైకి తెచ్చి సమం చేసే యంత్రం. ఈఎంఐ వాళ్లు అమెరికాలో తయారైన ఆల్టెక్ 436ని తమకి నచ్చినట్టు మార్చుకుని ఆర్‌ఎస్ 124 అని పేరు పెట్టుకున్నారు. వాల్వుల కన్సోల్, వాల్వుల కంప్రెసర్, టేపు: మూడూ కొద్దికొద్దిగా స్వరం మొనల్ని అరగదీసి, బదులుగా కొత్త హార్మోనిక్‌లు పుట్టిస్తాయి. స్పాంజి చంపినవాటిలో కొన్నిటిని ఇవి వేరే రూపంలో తిరిగి ఇస్తాయి. 1969లో ‘అబ్బే రోడ్’ ఆల్బం వచ్చేసరికి కన్సోల్ ట్రాన్సిస్టర్లతో చేసిన టీజీ 12345. ఆ బేస్ ఎంత మెత్తగా, శుభ్రంగా ఉంటుందో మూడేళ్ల ముందరి రికార్డు పక్కన పెట్టి వినండి.

ట్రాకుల కొరత కూడా ఒక వాద్యమే అనుకోవాలి. టేపు మీద విడివిడిగా రికార్డు చేయగల వరసలు, అంటే ట్రాకులు, నాలుగే. బేస్‌ని డ్రమ్స్‌తోనో గిటార్‌తోనో కలిపి ఒకే ట్రాకులో వేసేస్తే, తర్వాత దాన్ని విడిగా ముట్టుకోవడం కుదరదు. 1967లో ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బంకి మాత్రం మెకార్ట్నీ చాలా పాటల్లో బేస్‌ని అందరూ వెళ్లిపోయాక చివర్న, విడిగా వాయించాడు. ఆంప్‌కి దూరంగా మైకు పెట్టి గదిని కూడా కాస్త పట్టారు. పాటంతా ముందే ఉంది కాబట్టి ఖాళీలు చూసుకుని బేస్ అల్లాడు. ఆ బేస్ అంత స్వేచ్ఛగా తిరగడానికి సగం కారణం తీగ కాదు, పని వరస.

విడిగా వింటే మోసం

పాత పాటల్లోంచి బేస్ ఒక్కదాన్నే విడదీసి వింటే మొదటిసారి నిరుత్సాహపడతారు. ఫ్రెట్‌లకి తగిలిన చప్పుడు, పక్కనుంచి కారిన డ్రమ్స్, కాస్త పలచటి, గరుకు స్వరం. ఇదా మనం ఇన్నాళ్లు మురిసిపోయింది అనిపిస్తుంది. అవును, ఇదే. పాటలో మనం బేస్ అనుకునే ‘దుమ్’లో కొంత భాగం బేస్ డ్రమ్‌ది, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్‌ది. 1966లో ఎమెరిక్ ఆ డ్రమ్‌లో ఊలు స్వెటర్ కుక్కి దాన్ని కూడా పొట్టిగా చేశాడు. రెండు పొట్టి దెబ్బలు ఒకేచోట పడితే చెవి వాటిని ఒక వస్తువుగా వింటుంది. మా డ్రమ్మర్ తలెత్తి చూసింది అందుకే. వాడి దెబ్బ మీద ఇన్నాళ్లూ నా తోక పరచుకుని ఉంది. ఆ రోజు నుంచి వాడి డ్రమ్ములో ఒక పాత దుప్పటి కూడా చేరింది.

ఇంట్లో ప్రయత్నించేవాళ్లకి నా చేతికొచ్చిన కొన్ని సంగతులు. స్పాంజిని తిన్నగా కత్తిరిస్తే కుదరదు. తీగలు వరసలో కాస్త వంపుగా ఉంటాయి, మధ్య రెండు తీగలు ఒంటి నుంచి కొంచెం ఎత్తు. కాబట్టి ముక్క మధ్యలో ఎత్తుగా ఉండాలి, లేకపోతే చివరి తీగలు మూగబోయి మధ్యవి మోగుతూనే ఉంటాయి. లావు తీగకి బరువెక్కువ, దాన్ని అదమడానికి కాస్త గట్టి ఒత్తిడి కావాలి. మరీ బిగిస్తే శ్రుతి పైకి పోతుంది, ట్యూనర్ పెట్టి చూసుకోండి. స్వరం మీటాక లోపల ‘ఒకటి’ అనుకునేలోపు చచ్చిపోతే ఎక్కువైంది. ‘రెండు’ దాటి మోగుతుంటే చాలలేదు. కేరల్ కే పద్ధతి కావాలంటే తీగల కింద కాకుండా పైన, ఫెల్ట్ లేదా మందపాటి ఊలు గుడ్డ మడిచి టేపు వేయండి, పిక్ పట్టుకోండి. వేలితో అయితే ఒక్క వేలే వాడండి. రెండు వేళ్లు మార్చి మార్చి మీటితే స్వరాలు మరీ సమంగా వస్తాయి. ఒక్క వేలికి అలుపుంటుంది, ఆ అలుపు వినబడుతుంది.

ఫ్లాట్‌వౌండ్ తీగలు మన ఊళ్లలో ప్రతి దుకాణంలో దొరకవు, దొరికితే మామూలు సెట్టుకి రెట్టింపు పైమాటే. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి మార్చక్కర్లేదు కాబట్టి లెక్క సరిపోతుంది. కొత్తలో అవి కూడా కొంచెం మెరుస్తాయి, వారాల తరబడి వాయిస్తేనే దారికొస్తాయి. బేస్‌లో బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ ఉంటే ఆపేయండి. కంప్యూటర్లోకి నేరుగా తీసుకుని, 50 హెర్ట్జ్ కింద తీసేసి, 4,000 పైన మెల్లగా దించి, టేపు లేదా వాల్వు నమూనా ప్లగిన్ ఒకటి, కంప్రెసర్ ఒకటి. అదీ మోనోలో. ఏ మార్పు చేసినా డ్రమ్స్ నడుస్తుండగానే చేయండి. విడిగా వింటూ అందంగా చేసుకున్న బేస్ పాటలో పెట్టగానే పనికిరాకుండా పోవడం నాకు నాలుగుసార్లు జరిగింది.

ఈ పొట్టి నాదానికి కాలం చెల్లింది కూడా అరవైల్లోనే. ద హూ బ్యాండులో జాన్ ఎంట్‌విసిల్‌కి పియానోలా మోగే తీగలు కావాలి. డాన్ఎలెక్ట్రో బేస్ తీగలు అలా మోగేవి. కానీ అవి తెగితే విడిగా తీగలు అమ్మేవాళ్లు లేక, తీగ కోసం మళ్లీ బేస్ మొత్తం కొనాల్సి వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. తర్వాత ఇంగ్లండ్‌లోని రోటోసౌండ్ కంపెనీతో కూర్చుని తన చెవికి నచ్చిన రౌండ్‌వౌండ్ తీగలు చేయించుకున్నాడు. వాటి పేరు స్వింగ్ బేస్ 66. దుకాణంలో కొన్నప్పుడు నా బేస్ మీద ఉన్నది ఆ జాతి తీగలే. అంటే ఎంట్‌విసిల్ కష్టపడి తెచ్చిన తోకని కత్తిరించడానికి నేను స్పాంజి వెతుక్కున్నాను.

కార్యక్రమం బాగానే జరిగింది. నాకింకా అందనిది ఆ రెండు బేస్‌ల జోడింపు ఒక్కటే. మాకు తెలిసినవాళ్లలో డబుల్ బేస్ వాయించేవాళ్లు లేరు. ప్రస్తుతానికి మా కీబోర్డ్ తమ్ముడు ఎడమచేత్తో డబుల్ బేస్ శాంపిల్ పట్టుకుని నా కింద నడుస్తున్నాడు, నేను పైన పిక్‌తో ‘టక టక’లాడిస్తున్నాను. దగ్గరగా ఉంది. అయితే వాడి స్వరాలన్నీ ఒకే పొడవుకి వస్తున్నాయి, వచ్చే శనివారం దాని సంగతి చూడాలి.